మాటులోకి ఇద్దరు, బయటికి ఒక్కరు

మాటు గదిలో నేను సర్దుకుని కూర్చునేసరికి ఉదయం ఆరూ రెండు. నన్ను లోపల దిగబెట్టి బావ వెంటనే వెనుదిరిగాడు. కావాలనే కాళ్ళు ఈడుస్తూ, దగ్గుతూ, ఊరంతా వినిపించేలా చప్పుడు చేసుకుంటూ చెరువు గట్టు మీదుగా, కింద రోడ్డు మలుపులో ఆపిన కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. క్రూరమృగాల్ని సరదాకి ఫోటోలు తీసేవాళ్ళ పద్ధతి ఇది. మాటులోకి ఇద్దరు వెళ్తారు, ఒక్కరే బయటికి వస్తారు. చిరుతకి చూపుంది, చెవులున్నాయి, ముక్కుంది. లెక్కలు మాత్రం రావు. మనిషి వెళ్ళిపోయాడనుకుని ధైర్యంగా బయటికొస్తుంది.

లెక్కలు రాని ఇంకొకాయన పోలీస్ స్టేషన్లో ఉన్నాడు. ఆయన పుణ్యమా అని ఒక వాచరు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి రిమాండుకి వెళ్ళబోతున్నాడు.

జరిగింది ఇది. పోయిన ఆదివారం ఇదే గదిలో పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. వారమంతా మనుషుల నోళ్ళు, ఆదివారం చిరుతల నోళ్ళు అని మా ఫోటోగ్రఫీ క్లబ్బులో ఆయన్ని ఏడిపించేవాళ్ళం. తొమ్మిదీ నలభైకి గది వెనక బండ అంచు కింద, ముప్పై అడుగుల లోతులో శవమై కనిపించాడు. కెమెరా గదిలోనే ఉంది, అందులో ఉండాల్సిన మెమరీ కార్డు లేదు. శవాన్ని చూసింది ఈ అడవి గేటు దగ్గర పనిచేసే వాచరు. నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, నిన్న అరెస్టు చూపించిందీ ఆయన్నే. ఎందుకంటే చెరువు అవతల గాలం వేసుకున్న మనిషి ఒకడు "ఆరింటికి ఇద్దరు వెళ్ళారు, ఆరూ ఇరవైకి ఒక్కడే వచ్చాడు" అని చెప్పి, ఏడింటికి చేపల బుట్ట సర్దుకుని ఇంటికి పోయాడు. ఆ ఒక్కడు వాచరే. ఆరున్నర నుంచి, తొమ్మిదీ ఇరవైకి ఇద్దరు సందర్శకుల్ని వెంటబెట్టుకుని మాటు వైపు బయల్దేరేదాకా, ఆయన గేటు దగ్గర టికెట్లు కొడుతూనే ఉన్నాడు. ప్రతి టికెట్ మీదా సమయం అచ్చయి ఉంది, మధ్యలో ఐదు నిమిషాల ఖాళీ కూడా లేదు. కాబట్టి డాక్టరు ఆరూ ఇరవై తర్వాత కూడా బతికున్నాడని నేను రుజువు చేస్తే వాచరు ఇంటికి, చెయ్యలేకపోతే జైలుకి.

నేను పదిహేనేళ్ళు పోలీసు శాఖలో శవాలకి ఫోటోలు తీసి, విసుగొచ్చి బయటపడి, సొంతంగా నేర పరిశోధనలు చేసుకుంటున్నదాన్ని. ఆ పదిహేనేళ్ళు నాకు మిగిల్చింది అరిగిపోయిన మోకాలొకటి. కారు నడపలేను. అందుకే వాచరు భార్య నా దగ్గరికొచ్చి ఏడ్చిన రోజు నుంచీ బావే నన్ను తిప్పుతున్నాడు. బావంటే మా అక్క భర్త. క్లబ్బులో అందరికీ మాస్టారు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిందీ ఆయనే.

"ఇన్నేళ్ళొచ్చాయి గాని ఈ మాటు నేనెప్పుడూ చూళ్ళేదే మరదలా. ఏం రాసిపెట్టుందో అందులో" అన్నాడు పొద్దున కారులో.

నేను వచ్చింది చిరుత కోసం కాదు, వెలుతురు కోసం. ఎదురుగా తూర్పున గుట్ట ఉంది. ఆరూ ఇరవైకి గది ముందున్న గడ్డి బూడిద రంగులో ఉంది. కెమెరాతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఏడింటికీ నీడే. ఏడున్నరకీ నీడే. ఎనిమిదీ ఐదుకి గుట్ట మీద నుంచి ఎండ ఒక్కసారిగా గడ్డి మీద పడింది. అదీ రాసుకున్నాను. పని అయిపోయింది, లేవబోతున్నాను.

అప్పుడొచ్చింది. ఎనిమిదీ పందొమ్మిది. గడ్డిలోంచి తల, తర్వాత భుజాలు, తర్వాత అంత పొడుగు ఒళ్ళు. నలభై అడుగుల దూరంలో ఆగి ఆవులించింది. చేతిలో కెమెరా ఉంది, బటన్ మీద వేలుంది, నేను మాత్రం నొక్కలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయంతో నొక్కలేదు. అది గది చుట్టూ తిరిగి వెనక్కొచ్చి తలుపు చెక్కని గోళ్ళతో గీకింది.

ఎనిమిదీ ఇరవై రెండుకి బావకి ఫోన్ చేశాను.

"బావా, తలుపు దగ్గరుంది" అన్నాను గుసగుసగా.

ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి బయట అరుపులు, రాళ్ళు పడుతున్న చప్పుడు. చిరుత ఒక్క దూకులో మాయమైంది. తలుపు తీస్తే బావ. అరవై రెండేళ్ళ మనిషి, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, మోచేయి గీరుకుపోయి నెత్తురొస్తోంది. నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"నీకేమన్నా అయితే మీ అక్క నన్ను బతకనిస్తుందా?" అన్నాడు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇలాంటి మనిషి ఇంటికి ఒకరుంటే చాలు అనుకున్నాను.

పదింబావుకి స్టేషన్లో ఉన్నాం. బావ కారులోనే ఉండిపోయాడు. మెట్ల పక్కన బెంచీ మీద వాచరు భార్య ఒక సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జైల్లోకి దుప్పటి ఇవ్వనిస్తారా అని నన్నే అడిగింది. దుప్పటి అవసరం రాదని చెప్పాను.

ఇనస్పెక్టరుని నేను ఇస్త్రీ అంటాను, మనసులో. ఎండలో ఎంత తిరిగినా చొక్కా నలగదు. నలిగే పని చెయ్యడు కాబట్టి.

"రండి మేడమ్. చిరుత దగ్గర వాంగ్మూలం తీసుకున్నారా?" అన్నాడు.

"తీసుకున్నాను. మీకంటే అదే నయం, తలుపు తట్టి మరీ వచ్చింది. వాచరుతో పది నిమిషాలు మాట్లాడాలి."

"ఐదు."

వాచరు లాకప్ కడ్డీల అవతల గోడకానుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"పెద్దాయనా, ఆదివారం డాక్టరుగారితో వెళ్ళింది నువ్వే కదా?"

"నేనేనమ్మా. ఎప్పుడూ నేనే."

"నువ్వు బయటికొచ్చాక తలుపు?"

"లోపల గడియ పెట్టుకున్నారు. చప్పుడు విన్నాకే కదిలాను."

"తర్వాత నువ్వే వెళ్ళి తలుపు కొడితే తీస్తారా?"

"అమ్మో, తియ్యరు! ఒకసారి నాకు తేలు కుట్టిందని పరిగెత్తుకెళ్తే, తలుపు తియ్యకుండా లోపల్నుంచే మందుబిళ్ళ పేరు చెప్పారు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది, నాలుగు రోజుల తర్వాత కాబోలు.

"మరి శవం కనిపించినప్పుడు గడియ విరిగి ఉందా?"

"లేదమ్మా. లోపల్నుంచి తీసినట్టే ఉంది."

"అంటే ఎవరి కోసమో ఆయనే తీశాడు. చెరువు గట్టు దారి కాక ఆ గదికి ఇంకో దారుందా?"

"కింద రోడ్డు మలుపు నుంచి పాత రాతి మెట్లున్నాయమ్మా. ముళ్ళు కమ్మేశాయి. గట్టు మీదుగా వెళ్తే ఇరవై నిమిషాలు, మెట్లెక్కితే ఆరేడు నిమిషాలు. ఇప్పటి వాళ్ళకి తెలీదు. పాతకాలం ఫోటోల వాళ్ళు ఎక్కేవారు."

ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నానే గాని చదువుకోలేదు. ఆ తప్పు నాది.

పదీ నలభై. ఇస్త్రీ బల్ల మీద పంచనామా కాగితాలు పరిచాను.

"ఇది మీ కానిస్టేబులు ఆదివారం పదకొండింటికి రాసింది. చదవండి."

ఆయన విసుగ్గా చదివాడు. "కెమెరా స్విచ్ వేసి చూడగా పైనున్న చిన్న గాజు కిటికీలో ఎమ్ అను అక్షరమును, 2000, 8, 400 అను అంకెలును కనబడినవి. అయితే ఏంటి?"

"మీ శాఖలో చూసింది చూసినట్టు రాసే మనిషి ఒక్కడన్నా ఉన్నాడు, ఆయనకి దండం పెట్టండి. ఎమ్ అంటే కెమెరా తనంతట తాను ఏదీ మార్చుకోదు, మనిషే మార్చాలి. డాక్టరు ఎప్పుడూ అలాగే తీసేవాడు. ఆటోమేటిక్ అంటే కట్టుడు పళ్ళు అనేవాడు. మిగిలిన అంకెలు ఎండకి పెట్టేవి. మండే ఎండకి. ఈ అంకెలతో ఆరూ ఇరవైకి ఫోటో తీస్తే ఏమొస్తుందో చూడండి."

పొద్దున అవే అంకెలతో నేను తీసిన ఫోటో చూపించాను. నల్లటి చీకటి.

"ఇది ఎనిమిదీ పదికి." పచ్చటి గడ్డి, పోచ పోచా కనబడుతోంది.

ఇస్త్రీ కుర్చీలో ముందుకి జరిగాడు. "ముందు రోజు ఎండలో పెట్టి అలాగే వదిలేశాడేమో?"

"అడుగుతారనుకున్నాను. డాక్టరు రోజుకో ఫోటో మా క్లబ్బు గ్రూపులో పెట్టేవాడు. అడవి లేనిరోజు తాళంకప్పలు, తడిసిన గొడుగులు, మంగలి కుర్చీలు. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఇదే కెమెరాతో తీసి పెట్టింది వాళ్ళింటి నడవలో తలుపు గొళ్ళెం. ఒక్క బల్బు వెలుతురులో తీసింది. కాబట్టి ఆ అంకెలు శనివారం రాత్రి తొమ్మిది తర్వాత మారాయి. ఆదివారం తొమ్మిదీ నలభైకి మనిషి లేడు. ఈ మధ్యలో ఆ గడ్డి మీద ఎండ పడింది ఎనిమిదీ ఐదు తర్వాతే. అప్పుడు డాక్టరు బతికి ఉన్నాడు, ఫోటోలు తీస్తున్నాడు. మీ వాచరు గేటు దగ్గర టికెట్లు కొడుతున్నాడు."

పంచనామా కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఇస్త్రీ దుర్మార్గుడు కాదు, బద్ధకస్తుడు. ఆ రెండూ ఒకటి కాకపోయినా లోపల కూర్చున్నవాడికి తేడా తెలీదు.

"మేడమ్, నాకు అర్థమైంది. ఈ అంకెలు మేజిస్ట్రేటుగారికి అర్థమయ్యేసరికి నేను రిటైరవుతాను. వాచరు కాకపోతే ఎవరు? డాక్టరు తలుపు తీసిన ఆ మనిషెవరో పన్నెండింటి లోపల చెప్పండి, ఇతన్ని ఇప్పుడే పంపేస్తాను. లేదంటే నా చేతిలో ఉన్నవాణ్ణి వదిలి ఖాళీ చేతులతో కోర్టుకి వెళ్ళలేను."

"కెమెరా తెప్పించండి."

పదకొండూ పది. సీలు విప్పి డాక్టరు కెమెరా సంచీ నా ముందు పెట్టారు. కెమెరా బయటికి తీశాను. ఎండ తగలకుండా లెన్సు ముందుండే గొట్టం వెనక్కి తిప్పి బిగించి ఉంది, లెన్సుకి మూత పెట్టి ఉంది. దొరికింది అలాగేనని కానిస్టేబులు చెప్పాడు. చిరుత కోసం కాచుకున్నవాడు లెన్సు మూసుకుని కూర్చోడు. డాక్టరు పడిపోయాక ఇంకెవరో కార్డు తీసుకుని, కెమెరాని అలా మంచులో, దుమ్ములో వదిలెయ్యడానికి మనసొప్పక, జాగ్రత్తగా మూత పెట్టి వెళ్ళారు. మనిషిని తోసెయ్యడానికి వెనకాడని వాడు లెన్సు మీద దుమ్ము పడుతుందని బాధపడ్డాడు. ఇలాంటి తప్పు మా జాతి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

"వచ్చింది ఫోటోగ్రాఫరు. డాక్టరుకి బాగా తెలిసినవాడు, గౌరవం ఉన్నవాడు" అన్నాను.

మూత తీశాను. లోపల్నుంచి ఏదో జారింది. పట్టుకుని, నాలుగు మడతలు సరిచేసి, మళ్ళీ అద్దం మీద పరిచి మూత పెట్టేశాను.

"ఏంటది?" అన్నాడు ఇస్త్రీ.

అప్పుడు గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. నా చేతులు నాకంటే ముందు గుర్తుపట్టాయి. మూత మళ్ళీ తీశాను. నీలం గళ్ళ పాత నూలుగుడ్డ, అరచేతి వెడల్పు ముక్క, చుట్టూ తెల్లదారంతో సన్నటి కుట్టు. మూతకీ లెన్సుకీ మధ్య ఇలాంటి ముక్క పెడితే తేమ చేరదని ఒకాయన పట్టుదల. క్లబ్బులో అందరూ నవ్వుతారు, ఎవరూ పెట్టరు. ఆయన పెడతాడు, ఆయన దగ్గర నేర్చుకున్న నేను పెడతాను. ఆ ముక్కలు ఆయన పాత చొక్కాల్లోంచి కత్తిరించి, అంచులు కుట్టేది మా అక్క. నా సంచీలో ఇప్పుడు కూడా అలాంటివి రెండున్నాయి.

కాదు, అనుకున్నాను. బావ ఎప్పుడో డాక్టరుకి ఒకటి ఇచ్చి ఉంటాడు. గుడ్డముక్కదేముంది.

"సంచీ వెనక అరలో ఒక ఫోటో కూడా ఉంది. డాక్టరు తీసిందే అనుకున్నాం" అంటూ ఇస్త్రీ ఒక కవరు నా ముందుకి తోశాడు.

అది డాక్టరు తీసింది కాదు. ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి ముందుగదిలో వేలాడుతున్న ఫోటో అది. బండ మీద నోరు తెరిచి గర్జిస్తున్న చిరుత. బావకి పేరు తెచ్చినది, క్లబ్బు పుట్టించినది. అది చూసే నేను కెమెరా పట్టుకున్నాను. డాక్టరు దాన్ని పెద్దది చేయించి కోరపళ్ళ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. వెనక్కి తిప్పాను. ఆయన చేతిరాత. "కోరల వెనక వైపు అరుగుదల. ఏళ్ళ తరబడి ఇనపకడ్డీలు కొరికితే వచ్చేది. ఇది అడవి జంతువు కాదు, బోనులోది. మీటింగులో చెప్పేముందు ఆయన్ని ఒకసారి అడగాలి."

పొద్దున ఎనిమిదీ ఇరవై రెండు. ఎనిమిదీ ఇరవై తొమ్మిది. ఈ రోజు దాకా ఎప్పుడూ చూడలేదన్న చోటికి, ఇరవై నిమిషాల దూరం, బావ ఏడు నిమిషాల్లో వచ్చాడు. మోచేతి మీద ముళ్ళగీతలు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నాలుగు రోజులుగా కారులో పక్కన కూర్చుని ఏం దొరికింది, ఎవరేమన్నారు, తర్వాత ఎక్కడికి అని అడిగితే పూస గుచ్చినట్టు చెప్పాను. నా మోకాలి మీద జాలి అనుకున్నాను. నేను ప్రేమించిన పని మొత్తం ఒక బోను ముందు మొదలైందని, ఆ సంగతి తెలిసీ ఆయన ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుని నా ఫోటోల్లో తప్పులు దిద్దాడని తలుచుకుంటే చెంప మీద కొట్టినట్టుంది.

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై ఐదు. నోరు మూసుకుంటే అక్క కాపురం నిలబడుతుంది. కిటికీలోంచి చూశాను. వాచరు భార్య దుప్పటి సంచీ ముడి విప్పుతోంది, మళ్ళీ వేస్తోంది.

"మేడమ్?" అన్నాడు ఇస్త్రీ. గొంతులో వెటకారం లేదు.

"ఆ మనిషి మీ స్టేషను ముందు, కారులో కూర్చున్నాడు. నన్ను తీసుకొచ్చింది ఆయనే. నేను పిలుస్తాను, మీ వాళ్ళని పంపకండి."

వరండాలో నిలబడి పిలిచాను. బావ నవ్వుకుంటూ మెట్లెక్కాడు. నా చేతిలో నీలం గళ్ళ గుడ్డ చూసి పై మెట్టు మీద ఆగిపోయాడు.

"పెట్టానా? నాకు గుర్తే లేదే" అన్నాడు.

"ఆ ఫోటో బోనులోదా?"

"నెల రోజులు అడవిలో తిరిగాను. ఒక్కటీ కనబడలేదు. ఒక తోటలో పెంచుకుంటున్నారంటే వెళ్ళాను. అంతే. తర్వాత చెప్పడానికి వీలు చిక్కలేదు."

"ఇరవై రెండేళ్ళలో?"

తల దించుకున్నాడు. "డాక్టర్ని బతిమాలాను. నా గొంతు విని తలుపు తీశాడు, బయటికొచ్చి నిలబడి మర్యాదగానే మాట్లాడాడు. పన్ను అబద్ధం చెప్పదు మాస్టారూ అన్నాడు. ఆ మాటకి తోసేశాను. వెనక అంచుందని తెలుసు. తెలీదని చెప్పను."

"పొద్దున చుట్టుదారిలో వచ్చి ఉంటే నాకు అనుమానం వచ్చేది కాదు బావా. మెట్ల దారినెందుకొచ్చావు?"

"చుట్టూ తిరిగొచ్చేసరికి నువ్వుండవేమోనని."

ఆయన్ని అసహ్యించుకోవడానికి కూడా నాకు చోటు మిగల్చలేదు. ఇస్త్రీ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే చెప్పిన మాట విన్నట్టు లోపలికి నడిచాడు.

పదకొండూ యాభై రెండుకి వాచరు బయటికొచ్చాడు. భార్య దుప్పటి సంచీ ఆయన చేతికిచ్చి, తను ముందు నడిచింది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

నేను బెంచీ మీద కూర్చుని అక్క నంబరు నొక్కాను. ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా అనుకున్నాను. అక్కా, నువ్వు గట్టిగా ఉండాలి. అక్కా, ముందు కూర్చో. అక్కా, తప్పు నాది కాదు. ఒక్కసారి మోగగానే ఎత్తింది. నేను నోరు తెరవకముందే తనే అడిగింది.

"దొరికిపోయాడా?"